క్రష్ మ్యాప్ మార్చే ముందు

తమ్ముడూ,

మూడు సర్వర్ల సెఫ్ క్లస్టర్‌కి (చాలా సర్వర్ల డిస్కుల్ని కలిపి ఒకే స్టోరేజీగా నడిపే సాఫ్ట్‌వేర్ సెఫ్) రెట్టింపు సైజుది నాలుగోది కలుపుతున్నానని రాశావు. డిస్కులు బిగించే ముందు ఒక పూట లెక్కలకి కేటాయించు. అప్‌మ్యాప్‌తో (ఒక్కో పీజీని చేత్తో వేరే డిస్కుకి మళ్లించడం) పెట్టిన మినహాయింపులు పక్కన పెడితే, ఏ పీజీ (ప్లేస్‌మెంట్ గ్రూప్, అంటే డేటాని పంచే ఒక మూట) ఏ డిస్కులో ఉండాలో సెఫ్ ఎక్కడా పట్టిక వేసి పెట్టుకోదు. క్రష్ మ్యాపూ (సర్వర్లూ డిస్కులూ ఎలా అమరాయో చెప్పేది), రూలూ (కాపీలు ఎలా విడదీయాలో చెప్పేది) చూసి అప్పటికప్పుడు లెక్క కడుతుంది. ఆ లెక్క నీ ల్యాప్‌టాప్ మీదా కట్టొచ్చు.

ముందు గెట్‌క్రష్‌మ్యాప్‌తో మ్యాప్ ఫైల్ దింపుకో. దాని కాపీ ఒకటి విడిగా దాచు, వెనక్కి వెళ్లాలంటే అదే దిక్కు. తర్వాత క్రష్‌టూల్‌తో టెక్స్ట్‌గా విప్పి, కొత్త సర్వర్ రాసి, మళ్లీ కంపైల్ చెయ్యి. ఇక్కడ రెండు పొరపాట్లు మామూలు. ఒకటి, వెయిట్ (డేటాలో ఆ డిస్కు వాటాని తేల్చే అంకె) అనేది టెబీబైట్లలో ఉంటుంది. 4 టెరాబైట్ల డిస్కుకి 3.64 రాయాలి. పాతవాటికి 3.64 ఉండి కొత్తవాటికి 4 కొడితే, వాటి మీద దాదాపు పది శాతం ఎక్కువ డేటా పడుతుంది. రెండోది, డిస్కు వెయిట్ మార్చి, పైన రూట్‌లో (సర్వర్లన్నిటినీ కలిపే పై అంచెలో) ఆ సర్వర్ పక్కనున్న అంకెని మర్చిపోవడం. కంపైలర్ కిక్కురుమనదు. రీవెయిట్ ఆప్షన్ ఇస్తే కూడికలన్నీ అదే సరిచేస్తుంది.

ఇక టెస్ట్. రూల్ నంబరు, కాపీల సంఖ్య 3 ఇచ్చి షో-యుటిలైజేషన్ పెట్టు. మామూలుగా 0 నుంచి 1023 దాకా 1024 మ్యాపింగ్‌లు వేస్తుంది. నీ సర్వర్లు 40, 20, 20, 20 టెబీబైట్లు అనుకుందాం. వెయిట్ ప్రకారం పెద్దదానికి మూడు కాపీల్లో 40 శాతం, అంటే పీజీకి 1.2 కాపీలు రావాలి. కానీ ఒక సర్వర్‌లో ఒక్క కాపీయే పెట్టాలన్నది రూల్. అందుకని పెద్దది సుమారు 90 శాతం పీజీల్లో, చిన్నవి ఒక్కోటి 70 శాతం పీజీల్లో కనిపిస్తాయి. 1024లో 920 చుట్టూ, 717 చుట్టూ అన్నమాట. చిన్నవి నిండేసరికి అసలు డేటా (కాపీలు లెక్కించకుండా) 28.5 టెబీబైట్ల దగ్గర ఆగిపోతుంది, పెద్దదాంట్లో మూడో వంతుకు పైగా ఖాళీ. అప్‌మ్యాప్‌తో ఎంత సర్దినా 30 దాటదు. అవే డిస్కులు నాలుగు సర్వర్లకీ 25 చొప్పున పంచితే 33.3 వస్తుంది. స్లాట్లుంటే అదే చెయ్యి. ఇవన్నీ నూరు శాతం నిండితే వచ్చే అంకెలు. 85 శాతానికే నియర్‌ఫుల్ హెచ్చరిక మొదలవుతుంది, 95కి రాతలు ఆగిపోతాయి.

ఎరేజర్ కోడింగ్ పూల్ (కాపీల బదులు డేటాని ముక్కలు చేసి, అదనపు ముక్కలతో కాపాడేది) ఉంటే షో-బ్యాడ్-మ్యాపింగ్స్ తప్పనిసరి. 4+2 పూల్‌ని (నాలుగు డేటా ముక్కలు, రెండు అదనపువి) సర్వర్ స్థాయిలో విడదీస్తే ఆరు సర్వర్లు కావాలి. తక్కువుంటే చోటు దొరకని స్థానంలో 2147483647 కనిపిస్తుంది. అది డిస్కు నంబరు కాదు, చోటు దొరకలేదని అర్థం. సరిగ్గా ఆరే ఉన్నా, ఒకటి పోతే ముక్క కట్టుకోవడానికి చోటుండదు. ఏడోది అందుకే.

పాత మ్యాప్‌తో కొత్తదాన్ని కంపేర్ ఆప్షన్‌తో పోల్చి, ఎన్ని మ్యాపింగ్‌లు మారాయో చూడు. ర్యాక్ స్థాయి కూడా ఇప్పుడే కలిపేద్దాం అనుకుంటున్నావేమో, చాలా భాగం డేటా కదులుతుంది. వేరుగా పెట్టుకో.

క్రష్‌టూల్ చూపేది రూల్ ధోరణి మాత్రమే. నీ అసలు పీజీల మాట తెలియాలంటే ఓఎస్‌డీమ్యాప్‌టూల్ వాడు. గెట్‌మ్యాప్‌తో దింపిన ఫైల్‌లోకి కొత్త క్రష్ మ్యాప్ ఇంపోర్ట్ చేస్తే అది ఆ ఫైల్‌నే మార్చేస్తుంది, కాబట్టి కాపీ మీద చెయ్యి. టెస్ట్-మ్యాప్-పీజీస్ ఇస్తే ఏ డిస్కుకి ఎన్ని పీజీలో వస్తాయి. డిస్కుకి వంద దరిదాపుల్లో ఉంటే మంచిది. మరీ తక్కువైతే ఎగుడుదిగుళ్లు పెరుగుతాయి. అదే టూల్ అప్‌మ్యాప్ ఆప్షన్‌తో సర్దుబాటు కమాండ్లు ఒక ఫైల్‌లో రాసిస్తుంది. చదవకుండా నడపకు. అప్‌మ్యాప్ వాడాలంటే క్లయింట్లన్నీ సెఫ్ లుమినస్ వెర్షన్ లేదా ఆ పైవి కావాలి. కెర్నల్ క్లయింట్ అయితే 4.13 నుంచి.

అన్నీ కుదిరాక నోరీబ్యాలెన్స్ ఫ్లాగ్ (డేటా సర్దుబాటు వెంటనే మొదలవకుండా ఆపేది) పెట్టి మ్యాప్ ఎక్కించు. మిస్‌ప్లేస్డ్ శాతం (ఇంకా కొత్త చోటికి కదలాల్సిన డేటా) నీ అంచనాతో సరిపోయిందా చూడు. తేడా ఎక్కువుంటే ఫ్లాగ్ తియ్యకుండానే పాత ఫైల్ తిరిగి ఎక్కించెయ్.