వేడెక్కితే ఆగే బండి: బోరు విప్పేముందు టాపెట్ చూడండి

ప్రశ్న: నాది కార్బురేటర్ ఉన్న 100 సీసీ బండి, 60 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. ఇద్దరం ఎక్కి పది కిలోమీటర్లు వెళ్లేసరికి పికప్ పడిపోయి ఆగిపోతుంది. అప్పుడు కిక్కు వదులుగా దిగిపోతుంది. అరగంట ఆగితే మళ్లీ మామూలే. పొగ లేదు. బోరు (అరిగిన సిలిండర్ లోపలి గోడను సరిచేయడం) చేయించాలంటున్నారు, నిజమేనా?

జవాబు: తొందరపడకండి. పిస్టన్ రింగులు అరిగితే సాధారణంగా పొద్దున్నే మొండికేస్తుంది, ఆయిల్ తాగి నీలం పొగ వదులుతుంది. మీరు చెప్పినవి ఎగ్జాస్ట్ వాల్వ్ (కాలిన పొగను సైలెన్సర్‌లోకి వదిలేది) లోపం లక్షణాలు. ఏళ్ల తరబడి కొట్టుకొని వాల్వ్, అది ఆని మూసుకునే సీటులోకి దిగిపోతుంది, టాపెట్ సందు (వాల్వ్ కాడకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఖాళీ) తగ్గిపోతుంది. ఇంజన్ కాలాక వాల్వ్ కాడ సాగి, మిగిలిన ఆ కాస్త సందూ పోతుంది. వాల్వ్ పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ నొక్కిన గాలి ఒత్తిడి) సైలెన్సర్ దారి పడుతుంది.

టాపెట్ రాత్రంతా చల్లారిన ఇంజన్ మీదే చూడాలి. ప్లగ్ తీసి మ్యాగ్నెట్ (ఇంజన్ పక్క మూత కింద ఉండే చక్రం) తిప్పండి. ఇన్‌లెట్ రాకర్ వాల్వ్‌ను నొక్కి వదిలాక మ్యాగ్నెట్ మీద వచ్చే టీ గుర్తును (పిస్టన్ పైకొసకు చేరిందని చెప్పేది) కేసింగ్ గీతకు కలపండి. అప్పుడు రెండు రాకర్లూ వేలికి కాస్త ఆడాలి. ఎగ్జాస్ట్ రాకర్ బిగుసుకొని ఉంటే దొంగ దొరికినట్టే. మాన్యువల్లో రాసిన సందుకు పెట్టండి. మిల్లీమీటరులో వందో వంతుల లెక్క కాబట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) తప్పనిసరి. రేకు స్వల్పంగా పట్టుకుంటూ రావాలి. వెయ్యి, రెండు వేల కిలోమీటర్లకే సందు మళ్లీ మూసుకుపోతే హెడ్డు దించి వాల్వ్, సీటు చూడాల్సిందే.

కంప్రెషన్ గేజ్ పెట్టాల్సింది బండి మొరాయించిన వేడిలోనే. చల్లారాక చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. తీసిన ప్లగ్‌ను క్యాప్‌లోనే ఉంచి ఇంజన్‌కు ఆనించండి, లేకపోతే స్పార్క్‌ను నడిపే సీడీఐ యూనిట్‌కు ప్రమాదం. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, ముల్లు ఆగేదాకా ఆరేడు కిక్కులు కొట్టండి. తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలో 5 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. బాగా పెరిగితే రింగులు, బోరు. పెరగకపోతే వాల్వ్ లేదా హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ సిలిండర్‌కూ మధ్య ఉండే సీలు). వేడిలోనూ కంప్రెషన్ సరిగ్గా ఉంటే ఇగ్నిషన్ కాయిల్, ట్యాంకు మూత గాలిరంధ్రం చూసుకోండి.

సిలిండర్ రేకల మధ్య పొలం మట్టి గట్టిపడితే ఇంజన్ వేడి బయటికి పోదు. చల్లారాకే కడగండి.

ప్రశ్న: రేడియేటర్ ఉన్న 200 సీసీ బండి. హైవేలో బాగుంటుంది, ట్రాఫిక్‌లో వేడి లైటు వెలుగుతుంది.

జవాబు: ముందు ఫ్యాన్ చూడండి. ఫ్యూజు బాగుంటే, ఫ్యాన్ వైర్లు నేరుగా బ్యాటరీకి ఇవ్వండి. తిరిగితే లోపం రిలే, సెన్సర్, వైరింగ్‌లో ఉంది. రేడియేటర్ మూత ఇంజన్ పూర్తిగా చల్లారాకే తీయాలి. తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయింది. రేడియేటర్‌లో బోరుబావి నీళ్లు పోయొద్దు, లోపల ఉప్పు పెంకు కడుతుంది.