పిన్ మార్చినా డబ్బు పోవడానికి కారణం ఫోన్‌లో మిగిలిన యాప్

యూపీఐ పిన్ మార్చాక కూడా రెండోసారి డబ్బు పోయిందంటే, “ఈ రాత్రి కరెంటు నిలిపివేస్తాం” అన్న సందేశం చూసి మీరు ఫోన్ చేసినప్పుడు, పది రూపాయలు కట్టించే నెపంతో మోసగాళ్లు వేయించిన యాప్ ఇంకా మీ ఫోన్‌లోనే ఉండి, మీ కొత్త పిన్‌నూ ఓటీపీలనూ వారికి చేరవేస్తూ ఉండవచ్చు.

1. ఆ ఫోన్‌లో మొబైల్ డేటా, వైఫై వెంటనే ఆపండి.

2. వేరే ఫోన్ నుంచి, మీ డెబిట్ కార్డు వెనుక ముద్రించిన బ్యాంకు నంబరుకే (గూగుల్‌లో దొరికినదానికి కాదు) ఫోన్ చేసి, ఖాతా లావాదేవీలన్నీ నిలిపివేయించి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఫిర్యాదు తరువాత జరిగే నష్టం బ్యాంకుదే.

3. వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

4. చాలామంది వదిలేసేది ఇదే. సందేశాన్నీ కాల్ వివరాలనూ సాక్ష్యంగా స్క్రీన్‌షాట్ తీసుకున్నాక, సెట్టింగ్స్‌లోని పూర్తి యాప్‌ల జాబితాలో ఆ యాప్ కోసం వెతకండి, ఎందుకంటే ఇటువంటివి కొన్ని తెరపై గుర్తు కనిపించకుండా దాక్కుంటాయి. అన్‌ఇన్‌స్టాల్ కాకపోతే, ముందు దానికి యాక్సెసిబిలిటీ (తెరపై ఉన్నది చదివే), డివైస్ అడ్మిన్ (ఫోన్‌పై అజమాయిషీ ఇచ్చే) అనుమతులు సెట్టింగ్స్‌లో తీసేయండి. అది లింకు ద్వారా వచ్చిన ఏపీకే ఫైలైతే (ప్లే స్టోర్ నుంచి కాక నేరుగా వేసుకునే యాప్ ఫైలు), ఫోటోలు భద్రపరచుకుని ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌లోనివన్నీ చెరిపేయడం) చేయడమే నా దృష్టిలో క్షేమం.

5. పిన్, పాస్‌వర్డులు ఆ తరువాతే మార్చండి.

బిల్లు నిజంగా బాకీ ఉందో లేదో పాత బిల్లుపై ఉన్న సర్వీసు నంబరుతో విద్యుత్ సంస్థ సొంత యాప్‌లో చూడవచ్చు.