మజిల్ కారు తోక తిప్పితే తప్పెవరిది?

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల రేసు వీడియో గేమ్‌లోని పాత అమెరికన్ మజిల్ కార్ల (పెద్ద ఇంజిన్‌తో వెనక చక్రాల్ని తోసే బండ్లు) గురించే. 2021 నవంబరులో వచ్చిన ఈ ఆట మెక్సికో రోడ్ల మీద నడుస్తుంది. 2025లో ప్లేస్టేషన్ 5కి కూడా వచ్చాక కొత్తవాళ్లు పెరిగినట్టున్నారు. కింద చెప్పిన అంకెలన్నీ ఆ ఆటకే. వేరే ఆట గురించైతే అక్కడే చెప్పాం.

ప్రశ్న: 1969 డాడ్జ్ చార్జర్ ఆర్/టీ తీసుకున్నాను. మలుపు దాటుతూ యాక్సిలరేటర్ నొక్కగానే వెనక భాగం పక్కకి జారి బండి గిర్రున తిరిగిపోతోంది. కంట్రోలర్‌తోనే ఆడతాను. కారులో లోపమా, నాలోనా? (గుంటూరు)

కారు అలాగే తయారైంది, ఆట దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తోంది. బరువైన ఇనప వీ8 ఇంజిన్ ముందు కూర్చుంటుంది, తోసేది వెనక చక్రాలు. అంటే సగానికి మించిన బరువు ఒకవైపు, పనంతా ఇంకోవైపు. పైగా ఆ తరం పెద్ద ఇంజిన్లకు శక్తి కింది నుంచే పొంగుతుంది. ఆ కాలపు డాడ్జ్ పెద్ద ఇంజిన్ 426 హెమీ 4000 ఆర్‌పీఎం దగ్గరే సుమారు 664 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. రెండో గేరులో ట్రిగ్గర్ (కంట్రోలర్ మీద యాక్సిలరేటర్‌గా పనిచేసే మీట) పూర్తిగా నొక్కితే సన్నటి పాత టైర్లు దాన్ని మోయలేవు.

టైరుకి ఉన్న పట్టు ఒక్కటే. దాన్ని మలుపు తిరగడానికీ వాడాలి, బండిని ముందుకు తోయడానికీ వాడాలి. స్టీరింగ్ ఇంకా తిరిగే ఉందంటే పట్టులో చాలా భాగం అప్పటికే ఖర్చయిపోయింది. కాబట్టి మలుపు మధ్యలో ట్రిగ్గర్ మూడో వంతు దాటకూడదు. స్టీరింగ్ తిప్పే స్టిక్ మధ్యకు వస్తున్న కొద్దీ వేలు కిందికి దిగాలి. స్టిక్ పూర్తిగా నిటారుగా వచ్చాకే ట్రిగ్గర్ అడుగంటా నొక్కండి. ఈ రెండు కదలికలనీ ఒకే తాడుకి కట్టినట్టు ఊహించుకుంటే చేతికి త్వరగా అలవాటవుతుంది.

రెండో మార్పు గేరు. ఆటోమేటిక్‌లో పెడితే ఆట మలుపులో గేరు దించేసి ఇంజిన్‌ని ఎక్కువ ఆర్‌పీఎంలో ఉంచుతుంది. మజిల్ కారుకి అది అనవసరం. మాన్యువల్‌కి మార్చి, జపాన్ కార్లతో రెండో గేరులో తిరిగే మలుపుని దీనితో మూడులో తిరగండి. శబ్దం మందంగా ఉంటుంది, బండి మాత్రం చక్కగా సాగుతుంది.

ఇక తోక జారడం మొదలయ్యాక ఏం చేయాలి? ఎక్కువమంది భయపడి ట్రిగ్గర్ మొత్తం వదిలేస్తారు. అసలు గిర్రున తిరిగేది అక్కడే. వదిలిన క్షణం బరువు ముందుకి దూకుతుంది, వెనక టైర్లు ఇంకా తేలికైపోతాయి. ట్రిగ్గర్‌ని పావు వంతు దగ్గర నిలిపి, జారిన వైపుకే స్టీరింగ్ తిప్పండి. తోక వెనక్కి రావడం మొదలైందని కనిపించగానే, అంటే పూర్తిగా రాకముందే, స్టీరింగ్ మధ్యకు తెచ్చేయండి. ఆలస్యమైతే టైర్లు ఒక్కసారిగా పట్టు దొరకబుచ్చుకుని బండిని అటువైపు విసిరేస్తాయి. మొదటి ఊపు కంటే ఆ రెండో ఊపే ఎక్కువమందిని గోడకి కొడుతుంది.

బ్రేకులు బండి నిటారుగా ఉన్నప్పుడే వేయండి. ఆధునిక కారుతో వేసే చోటు కంటే ముందే వేయాలి. చార్జర్ బరువైన బండి, అప్‌గ్రేడ్ చేయని బ్రేకులు అంత గొప్పవేం కాదు.

ప్రశ్న: కంట్రోలర్ లేదు, కీబోర్డుతోనే ఆడాలి. మజిల్ కార్లు నడపడం అసలు సాధ్యమేనా? (విశాఖపట్నం)

సాధ్యమే, కానీ కష్టపడాలి. కీబోర్డుకి సున్నా, నూరు తప్ప మధ్య అంకెలు తెలియవు. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు పట్టు తప్పి వృథాగా తిరగకుండా ఆపే సాయం) ఆన్‌లోనే ఉంచండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. స్టెబిలిటీ కంట్రోల్ (బండి పక్కకి తిరిగిపోకుండా ఆపే సాయం) మాత్రం ఆపి చూడండి, అది బండిని మరీ మొద్దు చేస్తుంది. స్టీరింగ్‌ని సిమ్యులేషన్‌కి మార్చకండి. మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు కీని పట్టుకోకుండా టకటకా తట్టండి, గేరు ఒకటి ఎక్కువలో ఉంచండి. ఎక్కువ గేరులో చక్రానికి చేరే టార్క్ తగ్గుతుంది, కీబోర్డు మీద సగం ట్రిగ్గర్‌కి అదే ప్రత్యామ్నాయం. డబ్బులు పోగేస్తుంటే గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు అనలాగ్ ట్రిగ్గర్లు ఉన్న ఒక మామూలు కంట్రోలర్ కొనుక్కోండి.

ప్రశ్న: 1970 షెవెల్ ఎస్ఎస్‌లో పెద్ద ఇంజిన్ పెట్టి, టర్బో కూడా వేసి, ఎ క్లాస్ హద్దు 800కి తెచ్చాను. సూటి రోడ్డు మీద అందర్నీ దాటేస్తాను, మలుపుల్లో అందరూ నన్ను దాటేస్తారు. ఏం మార్చాలి? (నిజామాబాద్)

ఇంజిన్ తీసేయండి. ఆట కారు సత్తాని పాయింట్లలో లెక్కేసి క్లాసులుగా విడగొడుతుంది. మీ పాయింట్లన్నీ ఆ ఇంజిన్ మింగేసింది, టైర్లకీ బ్రేకులకీ ఏమీ మిగల్లేదు. 701 నుంచి 800 వరకు ఉన్న ఎ క్లాస్‌లో షెవెల్‌కి శక్తి కొరత ఉండదు, ఫ్యాక్టరీ ఇంజినే కొండంత. కొరత ఉండేది పట్టుకి.

మొదట టైర్లు. స్పోర్ట్ టైర్లు వేసి, వెనక వెడల్పు పెట్టగలిగినంత పెట్టండి, ముందు వెడల్పు ఒకటి రెండు మెట్లు చాలు. తర్వాత బరువు తగ్గించడం. దీనివల్ల ఆగడం, తిరగడం, పరిగెత్తడం మూడూ ఒకేసారి బాగుపడతాయి, పాయింట్ల లెక్కలో ఇంతకంటే లాభసాటి బేరం లేదు. తర్వాత రేస్ బ్రేకులు, రేస్ స్ప్రింగులు, ముందూ వెనకా రేస్ యాంటీరోల్ బార్లు (మలుపులో బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీలు), రేస్ డిఫరెన్షియల్ (వెనక చక్రాలు రెండింటికీ శక్తి పంచే భాగం). ఇవి రేస్ రకం అయితే ట్యూనింగ్‌లో స్లైడర్లు తెరుచుకుంటాయి. గేర్‌బాక్స్‌కి స్పోర్ట్ చాలు, ఫైనల్ డ్రైవ్ (అన్ని గేర్లకీ వర్తించే చివరి గేరు నిష్పత్తి) మార్చుకోవచ్చు. ఇవన్నీ అయ్యాక పాయింట్లు మిగిలితే అప్పుడు ఎగ్జాస్ట్, క్యామ్ (ఇంజిన్ వాల్వుల్ని తెరిచే కడ్డీ) చూడండి.

ట్యూనింగ్ ఇలా మొదలుపెట్టండి. టైర్ల గాలి ముందు 29, వెనక 27 పీఎస్ఐ. సెట్టింగులో బార్ కనిపిస్తుంటే సుమారు 2.0, 1.86. క్యాంబర్ (చక్రం పక్కకి వాలిన కోణం) ముందు మైనస్ 1.2, వెనక మైనస్ 0.5. వెనక ఎక్కువ వంచితే సూటిగా తోసేటప్పుడు టైరు మొత్తం రోడ్డుకి ఆనదు. వెనక స్ప్రింగులు ముందువాటికంటే పదిహేను, ఇరవై శాతం మెత్తగా ఉండాలి. వెనక మెత్తగా ఉంటే యాక్సిలరేటర్ నొక్కినప్పుడు బండి వెనక్కి కూర్చుంటుంది, బరువు సరిగ్గా కావాల్సిన చక్రాల మీద పడుతుంది. యాంటీరోల్ బార్లకీ అదే సూత్రం. కానీ ముందుది మరీ బిగిస్తే ముక్కు తిరగదు, మలుపు బయటికి పాకుతుంది. అప్పుడు ముందుది కొంచెం వదులు చేయండి, వెనకది ముట్టుకోకండి.

డిఫరెన్షియల్ దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. యాక్సిలరేషన్ విలువ 90, 100 పెడితే రెండు వెనక చక్రాలూ కలిసి ఒక్కటిగా తిరుగుతాయి. పట్టు పోతే రెండింటికీ ఒకేసారి పోతుంది, తోక చెప్పాపెట్టకుండా తిరుగుతుంది. అలాగని 20కి దించితే లోపలి చక్రం ఒక్కటే వృథాగా తిరిగి పొగ లేపుతుంది, బండి కదలదు. 50 దగ్గర మొదలుపెట్టి ఐదేసి చొప్పున అటూ ఇటూ జరిపి చూడండి. డిసెలరేషన్ 20 చుట్టూ చాలు. ట్రిగ్గర్ వదిలినప్పుడు బండి మలుపు లోపలికి దూకుతోందంటే దాన్ని కొంచెం పెంచండి.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు స్లైడర్లు కలిపి కదిపితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరూ చెప్పలేరు, మేమూ చెప్పలేం.

ప్రశ్న: ఇంత తంటా ఎందుకు, ఆల్ వీల్ డ్రైవ్ పెట్టేస్తే సరిపోదా? (తిరుపతి)

గెలవడమే లెక్కయితే పెట్టేయండి. స్టార్టింగ్‌లో దూకుడు వస్తుంది, వానలో నిశ్చింత. బదులుగా పాయింట్లు పోతాయి, బరువు పెరుగుతుంది, ముక్కు ఇంకాస్త మొండికేస్తుంది. మా మాట అడిగితే, ఆల్ వీల్ డ్రైవ్ పెట్టిన చార్జర్‌లో చార్జర్ మిగిలేది బొమ్మకి మాత్రమే.

ప్రశ్న: 1971లో షెవర్లే 454 ఇంజిన్‌కి 365 గుర్రపు శక్తి అని ఉంది, 1972లో 270 అని ఉంది. ఒక్క ఏడాదిలో ఇంజిన్ అంత నీరసపడిందా? (ఖమ్మం)

లేదు, కొలిచే పద్ధతి మారింది. అంతకుముందు ఇంజిన్‌ని స్టాండ్ మీద విడిగా పెట్టి, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, ఇంజిన్ మీద ఆధారపడి తిరిగే ఫ్యాను లాంటివి తీసేసి కొలిచేవారు. అది గ్రాస్ లెక్క. 1972 నుంచి అమెరికన్ కంపెనీలు కారులో బిగించినట్టే అన్నీ ఉంచి కొలిచిన నెట్ లెక్క చెప్పడం మొదలుపెట్టాయి. మీరు చెప్పిన రెండు అంకెల మధ్య తేడాలో పెద్ద వాటా దీనిదే.

నిజంగా నీరసపడింది 1971 మోడళ్లతోనే. సీసం తక్కువున్న పెట్రోలుకి తగ్గట్టు జనరల్ మోటార్స్ తన ఇంజిన్లలో కంప్రెషన్ తగ్గించింది. అందుకే 1970 షెవెల్‌లో ఎల్ఎస్6 అనే 454 రకానికి ప్రకటించిన 450 మళ్లీ కనిపించలేదు. ఆటకి సంబంధించినంతవరకు గుర్తుంచుకోవాల్సింది ఇదీ: 1960ల కారు 425ని, ఇప్పటి కారు 425ని పక్కపక్కన పెట్టి పోల్చకండి, అవి ఒకే తూకంరాయితో తూచినవి కావు.

ప్రశ్న: గ్రాన్ టురిస్మో 7లో మజిల్ కారుకి ట్రాక్షన్ కంట్రోల్ ఎంత ఉంచాలి? (హైదరాబాద్)

అందులో 0 నుంచి 5 వరకు ఉంటుంది. కంఫర్ట్ టైర్ల మీద 2 లేదా 3తో మొదలుపెట్టండి. స్పోర్ట్స్ సాఫ్ట్ టైర్లు వేశాక 1కి దించవచ్చు. 5లో పెడితే మలుపు దాటాక ఇంజిన్ గొంతు నొక్కేసినట్టు ఉంటుంది, సమయం అక్కడే పోతుంది. కౌంటర్ స్టీరింగ్ సాయం (తోక జారినప్పుడు ఆటే స్టీరింగ్ సరిదిద్దడం) ఉంటే ఆపేయండి. మీ చేయి ఒకటి అనుకుంటే అది ఇంకొకటి చేస్తుంది.

ప్రశ్న: లాజిటెక్ జీ29 స్టీరింగ్ కొన్నాను. తోక జారినప్పుడు చక్రం తిప్పేలోపే బండి తిరిగిపోతోంది. (విజయవాడ)

ఆ చక్రం పూర్తిగా 900 డిగ్రీలు తిరుగుతుంది. మజిల్ కార్లకి 540కి తగ్గించండి, తక్కువ తిప్పితే చాలు. తోక జారినప్పుడు చక్రాన్ని గట్టిగా బిగబట్టుకోకండి. పట్టు వదులు చేస్తే ఫోర్స్ ఫీడ్‌బ్యాకే (చక్రాన్ని తిప్పే లోపలి మోటారు) దాన్ని చాలావరకు జారిన వైపుకి తిప్పేస్తుంది, మీరు సరైన చోట ఆపితే చాలు.

ప్రశ్న: ఇంతకుముందు ఎప్పుడూ మజిల్ కారు నడపలేదు. ఏది మొదట కొనాలి? (కర్నూలు)

1969 ఫోర్డ్ మస్టాంగ్ బాస్ 302. ట్రాన్స్-యామ్ అనే అమెరికన్ కార్ల రేసుల్లో ఇంజిన్ 5 లీటర్లు దాటకూడదన్న నిబంధన ఉండేది. ఆ రేసులకోసమే ఫోర్డ్ దీన్ని తయారుచేసింది. కాబట్టి ఇంజిన్ చిన్నది, పైకి తిరిగేకొద్దీ శక్తినిచ్చే రకం, కింద ఒక్కసారిగా విరుచుకుపడదు. ముందు బరువు కూడా పెద్ద ఇంజిన్ల బండ్ల కంటే తక్కువ. దీన్ని ఏమీ మార్చకుండా, ట్రాక్షన్ కంట్రోల్ ఆపి, ఎండిన తారురోడ్డు మీద ఒక గంట నడపండి. తోక జారకుండా వరుసగా పది మలుపులు దాటగలిగాక షెవెల్‌కి వెళ్లండి. చార్జర్ ఆ తర్వాత.

1987 బ్యూయిక్ జీఎన్ఎక్స్ మీద మోజు పడేవాళ్లకి ఒక హెచ్చరిక. అందులో ఉన్నది వీ8 కాదు, 3.8 లీటర్ల టర్బో వీ6. ట్రిగ్గర్ నొక్కాక ఒక్క క్షణం ఏమీ జరగదు, తర్వాత అంతా ఒకేసారి వస్తుంది. మలుపు సగంలో నొక్కితే ఆ రెండో క్షణం సరిగ్గా మీరు స్టీరింగ్ తిప్పి ఉన్నప్పుడే వస్తుంది. టర్బోకి పట్టే సమయాన్ని లెక్కేసుకుని కొంచెం ముందుగానే, కొంచెం తక్కువగానే నొక్కడం మొదలుపెట్టాలి.