పాత బండికి నలభై వేలా, కొత్త బండికి ఈఎంఐయా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది తిరుపతి, కొర్లగుంట. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తాను, చేతికి రూ.48,000 వస్తుంది. మా ఆవిడ కుట్టుపని మీద నెలకు రూ.7,500 దాకా తెస్తుంది. ఇంటి బాడుగ 11,000, పర్సనల్ లోన్ ఈఎంఐ 6,200 (ఇంకా 14 నెలలుంది), చీటీ 5,000 (ఇంకా 8 నెలలు, పాట ఎత్తలేదు), ఇల్లు, పాప చదువు కలిపి 24,000. ఎఫ్‌డీ రూ.1.2 లక్షలు ఉంది. మా వ్యాగన్ ఆర్ 2013 ఆగస్టులో రిజిస్టరైంది, పెట్రోల్, 1,08,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ బస్సులో డ్యూటీకి పోతాను కాబట్టి కారు నెలకు 500 కిలోమీటర్లు కూడా తిరగదు. నెలకు రెండుసార్లు పీలేరులో అమ్మ దగ్గరికి, ఎప్పుడైనా కొండ మీదికి, అంతే. ఇప్పుడు స్టీరింగ్ ఎడమ పక్కకు లాగుతోంది, ముందు టైర్లు రెండూ లోపలి అంచున అరిగిపోయాయి, గుంటలో పడితే టక్ టక్ మంటోంది, బ్రేక్ వేస్తే గీసినట్టు చప్పుడు. ఎనిమిది నెలల్లో రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. మెకానిక్ మొత్తం రూ.41,500 ఎస్టిమేట్ ఇచ్చాడు. అంత పెట్టేకంటే అమ్మేయమని మా బావమరిది అంటున్నాడు. షోరూమ్‌లో పాత బండికి 85,000 ఇస్తామన్నారు, చేతి నుంచి 65,000 కడితే మిగతా ఐదు లక్షలు లోన్. నాకేమో యూట్యూబ్ చూసి సొంతంగా రిపేర్లు చేసుకోవాలని ఉంది, 12,000 పెట్టి టూల్ కిట్ కొందామనుకుంటున్నాను. ఇన్సూరెన్స్ కూడా 5,900 ఫుల్ పాలసీ మానేసి థర్డ్ పార్టీకి మారితే ఎలా ఉంటుంది? ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో లెక్కలన్నీ ఇంత వివరంగా ఇచ్చినందుకు ముందు మెచ్చుకోవాలి. బాడుగ దగ్గర నుంచి చీటీ దాకా రాశారు కాబట్టి ఊహించుకోవాల్సిన పని లేకుండా చెప్పగలుగుతున్నాను.

మీ బావమరిది గారి మాటలో ఒక చిక్కుంది. ఆయన రూ.41,500 బిల్లును రూ.85,000 బండి విలువతో పోలుస్తున్నారు. అలా చూస్తే సగం రేటు రిపేరుకే పోతున్నట్టు కనిపిస్తుంది, ఎవరికైనా గుండె గుభేల్మంటుంది. కానీ ఈ రిపేరు చేయించకపోతే మీరు కట్టాల్సింది ఈఎంఐ. పోల్చాల్సింది దానితో. ఐదు లక్షల లోన్, 9.5 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెలకు దాదాపు రూ.10,500. మెకానిక్ చెప్పినవన్నీ ఒక్కటీ వదలకుండా చేయించినా అది నాలుగు నెలల ఈఎంఐ. ఆ తర్వాత మీకు ఇంకా 56 నెలల వాయిదాలు మిగులుతాయి. మొత్తం కట్టేది రూ.6.3 లక్షలు, అందులో వడ్డీయే లక్షా ముప్పై వేలు.

పైగా మీ ఇంటి లెక్క ప్రకారం రాబడి 55,500, ఖర్చులూ వాయిదాలూ 46,200. మిగులు రూ.9,300. ఈఎంఐ 10,500. మొదటి నెల నుంచే రూ.1,200 తక్కువ పడుతుంది. అదీ పాపకు జ్వరం రాకుండా, ఇంటికి చుట్టాలు రాకుండా ఉంటే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, ధరలు తగ్గాయి, నిజమే. ధర తగ్గిందని మన జీతం పెరగలేదు కదా. ఇప్పుడు కొత్త కారు వద్దు.

ఇక బిల్లు సంగతి. మీరు పంపిన ఎస్టిమేట్‌లో టైర్లు నాలుగు 14,800, రెండు లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని బండి కింది భాగానికి కలిపే ఇనుప చేతులు), రెండు టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివరి కీళ్లు) కూలితో కలిపి 7,200, బ్రేక్ ప్యాడ్లు, డిస్క్ పని 3,000, బ్యాటరీ 4,300, సర్వీసు 5,200, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,000, సొట్టలు తీసి పెయింట్ వేయడానికి 6,000 ఉన్నాయి. మీ మెకానిక్ మోసం చేస్తున్నాడని నేననుకోవడం లేదు. ఇవ్వాళ కావాల్సినవీ, ఎప్పుడో కావాల్సినవీ ఒకే కాగితం మీద రాసేశాడు, అంతే. మనం వాటిని విడదీసుకోవాలి.

రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా బండి మళ్లీ ఎందుకు లాగుతోందో ముందు చూద్దాం. మీ డబ్బు కారిపోతున్న చిల్లు అక్కడే ఉంది. అలైన్‌మెంట్ మిషన్ మీద ప్రధానంగా సరిచేసేది 'టో'ను, అంటే ముందు రెండు చక్రాలూ ఒకదాని వైపు ఒకటి ఎంత తిరిగి ఉన్నాయన్నదాన్ని. టై రాడ్ తిప్పి దాన్ని సరిచేస్తారు. కానీ ఆ టై రాడ్ చివర ఉన్న ఎండ్‌లోనో, లోయర్ ఆర్మ్‌కు ఉండే రబ్బరు బుష్‌లోనో ప్లే, అంటే వదులు ఉంటే, షాపులో నిలబెట్టినప్పుడు మిషన్ తెర మీద రీడింగ్ పచ్చగానే, అంటే సరిగ్గానే వస్తుంది. బయటికొచ్చి రేణిగుంట రోడ్డులో ఒక గుంట దిగగానే చక్రం మళ్లీ తన దారి తాను చూసుకుంటుంది. మీ టైర్లు లోపలి అంచున అరగడం, టక్ టక్ చప్పుడు, రెండూ అటే వేలు చూపిస్తున్నాయి.

ఇది నాకు అనుభవం. మా నాన్నగారి పాత ఆల్టోకు ఒక ఏడాదిలో మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. ప్రతిసారీ అదే షాపు, ఒక్కసారి కూడా వాళ్లు చక్రం ఎత్తి చూడలేదు. కొత్త టైర్లు రెండు తొమ్మిది నెలలకే బోడి అయ్యాయి. చివరికి చిత్తూరులో ఒక పెద్దాయన జాకీ వేసి, చక్రాన్ని రెండు చేతులతో పట్టి ఊపి, నిమిషంలో చెప్పాడు. మార్చాల్సిన పార్టు ఆరు వందలు. దాన్ని చూడకపోవడం వల్ల టైర్లకే ఏడు వేలు పోయాయి. డబ్బు పోయినందుకు కంటే, ఆ టైర్లతో నాన్నను ఎక్కించుకుని తిరిగినందుకు ఎక్కువ బాధపడ్డాను.

ఆ పరీక్ష మీరూ చేయొచ్చు. చదునైన నేల మీద హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం జాకీ మీద ఎత్తండి. గడియారంలో మూడు, తొమ్మిది ఉండే చోట చేతులు పెట్టి అటూ ఇటూ ఊపండి. ఆడితే ఎక్కువగా టై రాడ్ ఎండ్. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుని ఊపినప్పుడు ఆడితే బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్‌ను చక్రానికి కలిపే కీలు) గానీ వీల్ బేరింగ్ గానీ. ఇంకొకటి: ముందు టైర్లు రెండూ కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి నడపండి. లాగే పక్క కూడా మారితే లోపం టైరులోనే ఉంది. దీనికి పైసా ఖర్చు లేదు. 80 స్పీడులో స్టీరింగ్ వణికితే మాత్రం అది బ్యాలెన్సింగ్ సంగతి, అలైన్‌మెంట్‌ది కాదు. ఈ రెండూ కలిపేసి డబ్బు పెట్టేవాళ్లు చాలామంది.

కాబట్టి పని ఒక వరసలో జరగాలి. ముందు లోయర్ ఆర్మ్‌లు, టై రాడ్ ఎండ్‌లు. తర్వాత టైర్లు. అన్నీ అయ్యాక, ఆఖర్న అలైన్‌మెంట్. చేయకముందు రీడింగ్, చేశాక రీడింగ్ రెండూ ఉన్న ప్రింట్ కాగితం అడిగి తీసుకోండి. మీ కారు లాంటి చిన్న బళ్లలో ముందు చక్రాల క్యాంబర్‌ను, అంటే చక్రం నిలువుగా ఎంత వాలి ఉందన్నదాన్ని, మామూలుగా తిప్పి సరిచేయడానికి ఉండదు. అది ఎర్రగా కనిపిస్తే ఏదో పార్టు వంగిందని అర్థం. "సరిపోతుందిలే సార్" అంటే ఒప్పుకోకండి.

టైర్లు నాలుగూ అక్కర్లేదనే నా నమ్మకం. వెనక టైర్ల పక్కన నాలుగంకెల సంఖ్య చూడండి. 3521 అని ఉంటే 2021లో 35వ వారం తయారైందని. ఆరేళ్లు దాటకుండా, పగుళ్లు లేకుండా, గాడుల్లో ఉండే చిన్న గుర్తుల కంటే రబ్బరు ఎత్తుగా ఉంటే అవి ఉంచేయండి. ఆ గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అక్కడిదాకా అరిగితే టైరు అయిపోయినట్టే. కొత్త టైర్లు రెండే కొన్నప్పుడు వాటిని వెనక వేయించి, వెనక ఉన్నవి ముందుకు తెమ్మనండి. షాపువాళ్లు ముందు చక్రాలకే వేద్దామంటారు. వానలో భాకరాపేట ఘాట్ మలుపులో వెనక చక్రం జారితే మన చేతిలో ఏమీ ఉండదు, అందుకని చెబుతున్నాను.

అప్పుడు లెక్క ఇలా తేలుతుంది. ఆర్మ్‌లు, ఎండ్‌లు 7,200, బ్రేకులు 3,000, టైర్లు రెండు 7,400, అలైన్‌మెంట్ 1,000. మొత్తం రూ.18,600. సరిగ్గా మీ రెండు నెలల మిగులు. అప్పు వద్దు, ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. పెయింట్ అసలే వద్దు, సొట్ట వల్ల బండి ఆగదు. బ్యాటరీ షాపులో లోడ్ టెస్ట్ చేయించాకే కొనండి. టెర్మినల్స్‌కు పట్టిన తెల్లటి పొర వల్ల కూడా సెల్ఫ్ మొరాయిస్తుంది. వేడినీళ్లలో వంట సోడా కలిపి పాత బ్రష్షుతో తోమితే పోతుంది. ఊడదీసేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

సొంతంగా చేసుకోవాలన్న మీ కోరిక నాకు నచ్చింది. దీనివల్ల మిగిలే డబ్బు మీరనుకున్నంత ఉండదు, ఏడాదికి మూడు నాలుగు వేలు. అందుకని 12,000 కిట్ కొంటే అది తిరిగి రావడానికే మూడేళ్లు పైన పడుతుంది. మంచి గాలి గేజి, సాకెట్ సెట్టు, పొడవాటి వీల్ పానా, రెండు స్టాండ్లు మూడు వేలకు మించకుండా కొనుక్కోండి. ఎయిర్ ఫిల్టర్, వైపర్లు, బల్బులు, ఫ్యూజులు, మీ ఇంజిన్‌కు ఉండే మూడు స్పార్క్ ప్లగ్గులు, కూలెంట్ చూసుకోవడం, టైర్లు ముందూ వెనకా మార్చడం, ఇవన్నీ ఒక ఆదివారం పొద్దున చేసుకోగలిగినవే. కూలెంట్ మూత ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయాలి. మే నెలలో కొండెక్కే ముందు దాని మట్టం చూడటం మరవకండి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ షెడ్డులోనే మార్పించండి. ఇలా చేస్తే 5,200 సర్వీసులో వెయ్యికి పైగానే తగ్గుతుంది. నిజమైన లాభం వేరే ఉంది. ఏ పార్టు ఎందుకు మారుస్తున్నారో తెలిసిన మనిషికి ఎస్టిమేట్ వేరేగా రాస్తారు.

బ్రేకులు, సస్పెన్షన్ స్ప్రింగులు, పెట్రోల్ పైపులు మాత్రం మీరు ముట్టుకోవద్దు. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కింద తల పెట్టవద్దు, ఒక్క నిమిషమైనా సరే. దారం కట్టి ఇంట్లోనే అలైన్‌మెంట్ చేసే వీడియోల మాటకొస్తే, ఆ పద్ధతితో బండి తేడాగా ఉందో లేదో తెలుసుకోవచ్చు. సరిచేయడం కష్టం. ఇక్కడ ఒకటి రెండు మిల్లీమీటర్లే మొత్తం తేడా. వెయ్యి రూపాయలు మిగుల్చుకోబోయి ఏడు వేల టైర్లు పోగొట్టుకోవద్దు.

ఇన్సూరెన్స్ మార్చకండి. మీది 998 సీసీ ఇంజిన్ కాబట్టి 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం రూ.2,094, జీఎస్టీతో దాదాపు 2,470. మారితే ఏడాదికి మూడు వేల పైచిలుకు మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ ఏళ్లుగా క్లెయిమ్ చేయలేదని, ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం ఉందని పాలసీ కాపీలో చూశాను. ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టానికి వర్తించే పాలసీ గడువు దాటి 90 రోజులు గడిస్తే అది పోతుంది. ఎన్‌సీబీ బండిది కాదు, మీది. రేపు కొత్త బండి కొన్నప్పుడు దాని ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో సగం తగ్గుతుంది. చిన్న సొట్టలకు క్లెయిమ్ పెట్టి దాన్ని పాడుచేసుకోవద్దు. ఎలాగూ ప్లాస్టిక్, రబ్బరు పార్టులకు, బ్యాటరీకి సగం ధరే ఇస్తారు.

ఈ బండిని ఎప్పటిదాకా నడపాలి? 2028 ఆగస్టుకు పదిహేనేళ్లు నిండుతాయి. ఆ తర్వాత కావాలంటే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఆర్‌సీ ఐదేళ్లకు పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఆ రెన్యువల్ ఫీజు ఒక్కటే రూ.5,000 అయింది. నా ఉద్దేశంలో అదే మీరు బండి మార్చాల్సిన సమయం. చీటీ అయిపోగానే ఆ 5,000ను బ్యాంకు ఆర్‌డీలో వేయండి. పర్సనల్ లోన్ తీరగానే ఆ 6,200 కూడా దానికి కలపండి. అప్పటికి వడ్డీ కాకుండానే లక్షా ఎనభై వేల పైన చేరుతుంది. చీటీ డబ్బు మాత్రం పాప ఇంటర్ ఫీజులకు పక్కన పెట్టండి, కారుకు వాడకండి. పాత బండి ఎక్స్‌ఛేంజ్ కలుపుకుంటే కొత్త కారుకైనా నాలుగు లక్షలకు మించి అప్పు అక్కర్లేదు, ఈఎంఐ 8,400 దగ్గర ఉంటుంది. నాలుగైదేళ్లు వాడిన మంచి బండి దొరికితే రెండు లక్షల అప్పుతో సరిపోతుంది. అప్పటికి మీకు వేరే వాయిదాలు లేవు, నెలకు ఇరవై వేల దాకా మిగులు ఉంటుంది. షోరూమ్‌లో మీరే రేటు మాట్లాడగలుగుతారు.

రిపేరుకు ఇచ్చే రెండు నెలలు అయ్యాక, మిగులులో నుంచి నెలకు 2,000 బండి పేరున వేరే ఖాతాలో వేస్తూ ఉండండి. బ్యాటరీ, మిగతా రెండు టైర్లు, ఇన్సూరెన్స్ అన్నీ అందులోంచే రావాలి.

బ్రేక్ చప్పుడు సంగతి మాత్రం ఈ ఆదివారం దాటనివ్వకండి. గీసుకుంటున్న ప్యాడ్లతో ఘాట్ దిగడం ప్రమాదం. ముందు ఆ మూడు వేల పని చేయించండి. మిగతావి వచ్చే నెల జీతంతో. ముందు టైర్ల లోపలి అంచున తీగలు బయటపడి ఉంటే మాత్రం అప్పటిదాకా ఆగవద్దు, బండి తీయకండి. పార్టులు మారే వరకు పీలేరుకు బస్సులో వెళ్లి రండి, అమ్మగారికి కారణం చెబితే సంతోషంగా ఒప్పుకుంటారు.