నల్లబల్లను చెరపకండి

ప్రశ్న: మూతపడిన పాత బడిలో మా ఊరి చరిత్రకు మ్యూజియం ఏర్పాటు చేస్తున్నాం. ప్రవేశ రిజిస్టర్లు, గ్రూపు ఫోటోలు సమకూరాయి. లామినేషన్ చేయించి, వెలుతురు బాగా పడేలా కిటికీల పక్కన పెట్టవచ్చా? గోడలకు, నల్లబల్లకు కొత్త రంగు వేయిస్తున్నాం.
– ఒక పాఠకురాలు

జవాబు: లామినేషన్ వద్దమ్మా. పాత కాగితాలను బాగుచేయడమే నా వృత్తి. లామినేషన్ చేసిన రిజిస్టరు పుట ఒకటి ఒకసారి నా దగ్గరికి వచ్చింది. కాగితం లోపలే గోధుమ రంగుకు తిరిగింది. ప్లాస్టిక్ పొర అంచు లేపబోతే సంతకం దాంతోపాటే ఊడివచ్చింది. తండ్రి వేలిముద్ర సగమే మిగిలింది. ఆ పుటకు నేనిక ఏమీ చేయలేకపోయాను. వేడితో అతికించిన పొర విడిరాదు, కాగితంలోని ఆమ్లం మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. రిజిస్టర్లను ఆమ్లం లేని అట్టపెట్టెల్లో పడుకోబెట్టండి. ఫోటోలను పారదర్శకమైన పాలిస్టర్ ప్లాస్టిక్ కవర్లలో ఉంచండి. వాటి వెనుక పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిల్‌తోనే, నొక్కకుండా రాయండి.

కిటికీల సంగతి. పిల్లలకు చదువుకోను వెలుతురు కావాలనే బడికి అంత పెద్ద కిటికీలు పెడతారు. కాగితానికి ఆ వెలుతురే చేటు. 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వకండి. అంటే గది మసకగానే ఉంటుంది. వెలిసిన సిరా మళ్లీ రాదు కాబట్టి అసలును పెట్టెలో దాచి, నకలును ప్రదర్శించండి. బతికి ఉన్నవారి పుట్టినతేదీలు, కులం గడులు కనిపించే పుటలను మాత్రం నకలుగానైనా తెరిచి పెట్టకండి. బీరువాలను బయటి గోడకు ఆనించవద్దు, తేమ ఎక్కుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పట్టే ప్రమాదం ఉంది.

ఇక నల్లబల్ల. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. 2015లో అమెరికాలోని ఓక్లహోమా నగరంలో ఒక పాత హైస్కూల్లో బోర్డులు మారుస్తుంటే, వాటి వెనుక 1917 నాటి నల్లబల్లలు బయటపడ్డాయి. రంగు సుద్దల బొమ్మలు, చక్రంలా గీసిన ఎక్కాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మీ బల్ల మీద ఏముందో ముందు ఏటవాలుగా టార్చి వేసి చూడండి. గోడల మీది గీతలను కూడా ఫోటోలు తీయండి. రంగు వేసేవాళ్లను ఈ ఒక్క వారం ఆపండి.