టెక్ సందేహాలు: హెడ్‌సెట్ కప్పులకు సుత్తి అవసరమా?

ప్రశ్న: హ్యాండిల్ తిప్పితే గరగరమంటోందని సైకిల్‌కు కొత్త హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరగడానికి ఫ్రేమ్ ముందు భాగంలో ఉండే బేరింగ్‌ల సెట్టు) కొన్నాను. బేరింగ్‌లు కూర్చునే కప్పులను ఫ్రేమ్‌లోకి ఒత్తి ఎక్కించే ప్రెస్ టూల్ ధర చూస్తే హెడ్‌సెట్ కంటే ఎక్కువుంది. చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టేయమని తెలిసిన మెకానిక్ అంటున్నాడు. కొట్టవచ్చా? (విజయవాడ పాఠకుడు)

జవాబు: సుత్తి మాత్రం వద్దండి. దెబ్బ పడిన వైపు కప్పు దిగుతుంది, ఎదుటి వైపు లేస్తుంది. అటు సరిచేయబోతే ఇటు లేస్తుంది. ఇలా నాలుగు దెబ్బలు పడేసరికి హెడ్ ట్యూబ్ (కప్పులు దిగే ఫ్రేమ్ ముందు గొట్టం) నోరు గుండ్రం పోయి కోలగా సాగుతుంది. నేను మొదట కొనుక్కున్న అల్యూమినియం ఫ్రేమ్‌ను అలాగే పాడుచేసుకున్నాను. ఆ తర్వాత ఎంత కొత్త కప్పు వేసినా నిలవలేదు.

ముందు మీ ఫ్రేమ్‌కు అసలు ప్రెస్ కావాలో లేదో చూడండి. డబ్బా మీద ఐఎస్42 లాంటి కోడ్ ఉంటే బేరింగ్ చేత్తోనే కూర్చుంటుంది. ఈసీ34, జెడ్ఎస్44 అయితే కప్పును ఒత్తి ఎక్కించాలి. ఆ 34, 44 అంకెలు హెడ్ ట్యూబ్ లోపలి కొలత, మిల్లీమీటర్లలో. వెర్నియర్‌తో ఒకసారి సరిచూసుకోండి. కార్బన్ ఫ్రేమ్ అయితే ఈ పని ఇంట్లో పెట్టుకోకండి.

ఇక టూల్ విషయం. హార్డ్‌వేర్ షాపులో ఎం12 థ్రెడ్ రాడ్ ఒక అడుగు ముక్క, రెండు నట్లు, కప్పు కంటే వెడల్పైన మందపాటి వాషర్లు అడగండి. సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి చోట అన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. హెడ్ ట్యూబ్ లోపల పెయింట్ పొక్కులుంటే గీకి, శుభ్రంగా తుడిచి, పల్చగా గ్రీజు రాయండి. రాడ్‌ను ట్యూబ్ గుండా దూర్చి, ఒక చివర కప్పు, దాని మీద వాషర్, నట్టు. రెండో చివర ఉత్త వాషర్, నట్టు. వాషర్ కప్పు అంచు మీదే ఆనాలి, బేరింగ్ కూర్చునే చోటు మీద ఒత్తిడి పడకూడదు.

రెండు కప్పులూ ఒకేసారి లాగాలన్న ఆశ వద్దు. ఏది వంకరపోతోందో కనిపించదు. రెండు 19 నంబరు స్పానర్లు తీసుకుని ఒక నట్టును కదలకుండా పట్టుకోండి, రెండోది తిప్పండి. ఎం12 మర ఒక్క చుట్టుకు 1.75 మిల్లీమీటర్లే కదులుతుంది, అదే ఈ పద్ధతి బలం. సగం చుట్టు తిప్పి ఆగండి. వంగి, కప్పుకూ ట్యూబ్‌కూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉందేమో చూడండి. ఒక పక్క ఎక్కువగా కనిపిస్తే అక్కడే ఆపి, కప్పు బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టండి. పూర్తిగా కూర్చున్నాక నట్టు ఒక్కసారిగా బిగుసుకుంటుంది. సందులోంచి వెలుతురు రాదు.

ప్రశ్న: కప్పులు ఫ్రీజర్‌లో పెడితే సులువుగా దిగుతాయంటారు, నిజమేనా?

జవాబు: కొంచెం. 30 డిగ్రీల గదిలోని 34 మిల్లీమీటర్ల అల్యూమినియం కప్పు మైనస్ 18 డిగ్రీలకు చల్లబడితే దాదాపు 0.04 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కానీ కప్పు మామూలుగా ట్యూబ్ రంధ్రం కంటే 0.1 మిల్లీమీటరు, ఆపైన పెద్దదిగా ఉంటుంది. కాబట్టి ఫ్రీజర్ పెట్టినా ప్రెస్ తప్పదు.

ప్రశ్న: ఫోర్క్ మీద ఉండే కింది రేసు (కింది బేరింగ్ ఆనే రింగు) దిగడం లేదు. దానికీ ఇదే రాడ్డా?

జవాబు: కాదు. దానికి పీవీసీ పైపు చాలు. ఫోర్క్ స్టీరర్ (హెడ్ ట్యూబ్‌లోకి దూరే ఫోర్క్ పై గొట్టం) వ్యాసం సాధారణంగా 28.6 మిల్లీమీటర్లు. దాని మీద వదులు లేకుండా జారే పైపును, స్టీరర్ కంటే పొడవుగా కోయించండి. పైపు చివర నిటారుగా తెగాలి, రేసు లోపలి అంచునే తాకాలి. ఇక్కడ సుత్తి వాడవచ్చు. పైపే దారి చూపిస్తుంది కాబట్టి రేసు వంకరపోదు.

ప్రశ్న: అన్నీ బిగించాను, ముందు బ్రేక్ వేస్తే టకటకమంటోంది.

జవాబు: బిగించే వరుస తప్పి ఉంటుంది. స్టెమ్ (హ్యాండిల్‌ను స్టీరర్‌కు పట్టి ఉంచే ముక్క) బోల్టులు వదులు చేసి, పైన టోపీ బోల్టును వదులు పోయేంత వరకే తిప్పి, తర్వాత స్టెమ్ బోల్టులు స్టెమ్ మీద రాసిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. స్టీరర్ చివర స్టెమ్ అంచుకు 3 మిల్లీమీటర్లు కిందికే ఉండాలి, లేకపోతే టోపీ స్టీరర్‌కే తగిలి బేరింగ్ మీద ఒత్తిడి పడదు. తర్వాత ముందు చక్రం గాల్లోకి లేపి సైకిల్‌ను కాస్త పక్కకు వంచండి. హ్యాండిల్ తనంతట తానే అటు తిరిగితే బిగువు సరిపోయినట్టే. మధ్యలో పట్టేస్తుంటే స్టెమ్ బోల్టులు మళ్లీ వదులు చేసి, టోపీ బోల్టు పావు చుట్టు వెనక్కి.