రాతి మీద చెక్కింది ‘చిత్రం’ అవుతుందా?

సందేహం: పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది రామాయణ ఘట్టాలను ఒక వ్యాసంలో ‘శిల్పచిత్రాలు’ అన్నారు, మరోచోట ‘కుడ్యచిత్రాలు’ అన్నారు. చిత్రమంటే రంగులతో వేసేది కదా! చెక్కినవాటిని అలా అనొచ్చా? – ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: ‘శిల్పచిత్రం’ తప్పు కాదు. ‘కుడ్యచిత్రం’ మాత్రం అక్కడ పొసగదు.

ఆగమాలు, శిల్పశాస్త్రాలు బొమ్మలను మూడు రకాలుగా విడదీశాయి. చుట్టూ తిరిగి చూడగలిగేలా అన్ని అవయవాలూ మలిస్తే అది చిత్రం. వీపు రాతికే అంటుకొని ముందుభాగం మాత్రమే పైకి లేస్తే అర్ధచిత్రం. గోడ మీదో గుడ్డ మీదో గీసి రంగు వేస్తే చిత్రాభాసం, అంటే చిత్రంలా తోచేది. ఈ లెక్కన మీరు చిత్రమనుకుంటున్నదే ఆభాసం! విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రకళ గురించి చెప్పే చిత్రసూత్రం మాత్రం ఈ మాటను రంగుబొమ్మకే వాడింది. తెలుగులో నిలిచింది ఆ అర్థమే. ‘చిత్తరువు’ కూడా దాని వెంటే నడిచింది.

రెండు అర్థాలూ పక్కపక్కనే బతకడానికి కారణం పని జరిగిన తీరులోనే ఉంది. 8వ శతాబ్దంలో కొండను తొలిచి మలచిన ఎల్లోరా కైలాసనాథాలయంలో చెక్కడం మీద సున్నం పూసి రంగులు వేశారు. ఆ పూత ఇప్పటికీ అక్కడక్కడ మిగిలి ఉంది. మనం చూస్తున్న ఒట్టి రాయి చాలాచోట్ల రంగు రాలిపోగా మిగిలిన రాయి.

పానగల్లు చెక్కడాలు కందూరు చోడుల కాలానివి, 11, 12 శతాబ్దాలవి. అవి అచ్చమైన అర్ధచిత్రాలు. ఎండ ఏటవాలుగా పడే వేళ చూస్తే బొమ్మ అంచు వెంట నీడ గీత కడుతుంది. ఆ నీడ ఎంత మందంగా ఉంటే చెక్కడం అంత లోతు. లోతు రాయిని బట్టి కూడా మారుతుంది. ఫణిగిరి బౌద్ధ శిల్పులకు దొరికింది మెత్తని సున్నపురాయి. అందుకే పలుచని పలకలోనే మనుషుల వెనక మనుషులను ఇమిడ్చారు. అలంపురం స్వర్గబ్రహ్మాలయంలోని దిక్పాలకులు ఇసుకరాతివారు, గూళ్లలోంచి బాగా ముందుకు వచ్చి నిలుస్తారు.

కుడ్యచిత్రమంటే గోడ మీద రంగులతో వేసిందే. దాన్ని ‘ఫ్రెస్కో’ అనేయడం ఇంకో పొరపాటు, ఇది మరీ ఎక్కువైంది. ఫ్రెస్కో అంటే సున్నపు పూత తడిగా ఉండగానే నీటిలో కలిపిన రంగు వేయడం. సున్నం గాలి తగిలి గట్టిపడుతూ రంగును తనలో పట్టేసుకుంటుంది. పూత ఆరాక అదే నీటిరంగు వేస్తే పట్టదు, పొడిగా రాలుతుంది. అజంతాలో తడి పూత మీద వేయలేదు. పీచు, ఊక కలిపిన మట్టిని గోడకు మెత్తి, పైన పలుచగా సున్నం పూసి, ఆరిన తరువాత బంక కలిపిన రంగులు వేశారు. తేమ తగిలి బంక పట్టు వదిలితే రంగు పెచ్చులుగా ఊడుతుంది. కాబట్టి అజంతా చిత్రాలను ఫ్రెస్కోలనకుండా ‘కుడ్యచిత్రాలు’ అంటే చాలు.

మన వాడుకలో ఈ చిక్కంతా లేదు. బొమ్మ గీస్తారు, చెక్కుతారు, పోత పోస్తారు. నామం ఒకటే, తేడా అంతా క్రియ చెబుతుంది. నాకు ఇదే అన్నిటికన్నా నమ్మకమైన దారి అనిపిస్తుంది. ‘శిల్పచిత్రం’ అని రాస్తే శిల్పానికి తీసిన ఫొటో అని కూడా అర్థం చేసుకునేవాళ్లున్నారు. ‘శిలాచిత్రం’ అంటే భీమ్‌బేట్కా వంటి చోట్ల ఆదిమానవులు రాతిపై వేసిన రంగుబొమ్మలు గుర్తొస్తాయి. ఫొటో కింద ‘పచ్చల సోమేశ్వరాలయం గోడపై చెక్కిన రామాయణ ఘట్టం’ అని రాయండి. పరిశోధన వ్యాసమైతే ‘అర్ధచిత్రం’ వాడి, మొదటిసారి వచ్చినచోట అర్థం చెప్పండి.

పిల్లలమర్రి గుడిలో క్షీరసాగర మథనాన్ని రంగులతో వేసింది దూలం మీద. దాన్ని ‘వర్ణచిత్రం’ అనడమే సబబు. కుడ్యమంటే గోడ కదా.